రొట్టెల పండుగ డాక్యుమెంటరీ: రంగులను ప్రసార హద్దుల్లో ఉంచే పని డైరీ

సోమవారం: ఫుటేజీ పరిశీలన

నెల్లూరు బారాషహీద్ దర్గా రొట్టెల పండుగ మీద ఒక శాటిలైట్ చానెల్ కోసం చేస్తున్న అరగంట డాక్యుమెంటరీకి దృశ్యాల వరస, వ్యాఖ్యానం ఖరారయ్యాయి. ఇక మిగిలినవి రంగుల పని, టైటిళ్లు, తుది ఫైలు. ఆత్మకూరు బస్టాండు దగ్గరున్న మా ఎడిటింగ్ గదిలో ఈ దశ మామూలుగా నోట్సు లేకుండానే సాగిపోతుంది. ఈసారి మాత్రం రాసి పెట్టుకోవాలనిపించింది. మిట్టమధ్యాహ్నం ఎండలో తళతళలాడే స్వర్ణాల చెరువు నీళ్లు, తెల్ల లాల్చీలు, ఆకుపచ్చ చాదర్లు, బంతిపూల దండలు, గాజుల అంగళ్లు, రాత్రి గంధమహోత్సవం వేళ నీలం, గులాబీ ఎల్‌ఈడీ దీపాలు: టీవీ సంకేతాన్ని తిప్పలు పెట్టే రంగులన్నీ ఈ ఒక్క కార్యక్రమంలోనే పోగుపడ్డాయి.

చానెల్ పంపిన సాంకేతిక పత్రంలో చిత్రానికి సంబంధించినవి నాలుగైదు వాక్యాలే ఉన్నాయి. 1920×1080, సెకనుకు 50 ఫీల్డుల (గీత విడిచి గీతగా పంపే అర ఫ్రేముల) ఇంటర్‌లేస్డ్, హెచ్‌డీ టీవీ ప్రమాణమైన బీటీ 709 రంగులు, ల్యూమా (చిత్రపు వెలుతురు స్థాయి) మైనస్ 1 నుంచి 103 శాతం లోపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కొక్కటీ మైనస్ 5 నుంచి 105 శాతం లోపు. ఈ అంకెలు యూరోపియన్ బ్రాడ్‌కాస్టింగ్ యూనియన్ వారి ఆర్ 103 సిఫారసులోవి. హద్దు దాటిన భాగం చిత్ర విస్తీర్ణంలో 1 శాతానికి మించినప్పుడే దాన్ని లోపంగా లెక్కించాలని కూడా ఆ సిఫారసు చెబుతుంది. ఈ చివరి వాక్యాన్ని చాలామంది చదవకుండా వదిలేస్తారు గానీ, దాని విలువ రేపు చెరువు దృశ్యాలు ముట్టుకున్నప్పుడు తెలుస్తుంది.

ముందుగా తేల్చవలసింది ఏ క్లిప్పు ఏ కొలమానంలో రికార్డయిందన్నది. 8 బిట్ల టీవీ వీడియోలో నలుపు 16 దగ్గర, తెలుపు 235 దగ్గర ఉంటాయి. రెండు రంగు తేడా సంకేతాలు 128ని మధ్యబిందువుగా పెట్టుకుని 16 నుంచి 240 దాకా నడుస్తాయి. 10 బిట్లలో ఇవే 64, 940, 960 అవుతాయి. కిందా పైనా వదిలిన ఆ జాగా వృథా కాదు. ఫిల్టర్ల గుండా వెళ్లిన సంకేతం పదునైన అంచుల దగ్గర కాస్త పైకీ కిందికీ ఊగుతుంది కాబట్టి, ఆ ఊపును కత్తిరించకుండా మోసుకుపోవడానికి 1982లో వచ్చిన 601 అనే డిజిటల్ వీడియో ప్రమాణంలోనే దాన్ని కేటాయించారు. చిట్టచివరి 0, 255 విలువలు వీడియోను మోసే ఎస్‌డీఐ తీగలో సమయ సంకేతాలకు ప్రత్యేకించినవి కాబట్టి వాటిని చిత్రానికి వాడనే కూడదు.

మా ఫుటేజీలో మూడు రకాలు కలిసిపోయి ఉన్నాయి. ప్రధాన కెమెరా నలుపును 16 దగ్గరే ఉంచుతూ తెలుపును మాత్రం 255 వరకు పోనిస్తుంది, అంటే 109 శాతం దాకా. ఫోన్లలో తీసిన కొన్ని క్లిప్పులు 0 నుంచి 255 వరకు పూర్తి కొలమానంలో ఉన్నాయి. డ్రోన్ క్లిప్పులు మామూలు వీడియో కొలమానంలో ఉన్నాయి. పూర్తి కొలమానపు క్లిప్పును వీడియో కొలమానంగా చదివితే నీడలు మసిబారి, వెలుగులు తెల్లగా పేలిపోతాయి. వీడియో కొలమానపు క్లిప్పును పూర్తి కొలమానంగా చదివితే నలుపు బూడిదరంగుకు తిరిగి చిత్రమంతా వెలిసినట్టు కనబడుతుంది. ఫైలులో కొలమానాన్ని చెప్పే గుర్తు ఉంటే సాఫ్ట్‌వేర్ దానంతట అదే సరిచేసుకుంటుంది కానీ, వాట్సాప్‌లో చేతులు మారి వచ్చిన క్లిప్పుల మీద ఆ గుర్తును నమ్మడానికి లేదు.

అలాంటి క్లిప్పులకు నేను వాడే పరీక్ష చాలా తేలిక. నిలువుగా తీసిన ఫోన్ వీడియోకు ఏదో ఒక యాప్ రెండు పక్కలా నల్ల పట్టీలు అతికించి ఉంటే, ఆ పట్టీలు వెలుతురు స్థాయిని గ్రాఫుగా చూపే వేవ్‌ఫామ్‌లో కచ్చితంగా సున్నా మీద కూర్చోవాలి. సున్నాకు పైన తేలుతున్నా, కింద మునిగినా కొలమానం తప్పు చదివినట్టే. డావిన్చి రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో క్లిప్ అట్రిబ్యూట్స్ తెరిచి డేటా లెవెల్స్‌ను వీడియో నుంచి ఫుల్‌కో, ఫుల్ నుంచి వీడియోకో మారిస్తే సరిపోతుంది. పట్టీలు లేని క్లిప్పుల్లో రాత్రి ఆకాశం ఆ పని చేస్తుంది. ఈ విడదీత సాయంత్రం దాకా పట్టింది కానీ, ఇది చేయకుండా గ్రేడింగ్ (రంగులు దిద్దే పని) మొదలుపెడితే ఆ తరువాత తిప్పే ప్రతి బటనూ లేని రోగానికి మందే అవుతుంది.

మంగళవారం: చెరువులో పగటి దృశ్యాలు

జనం మోకాలి లోతు నీళ్లలో నిలబడి, ఆరోగ్య రొట్టె, విద్య రొట్టె, ఉద్యోగ రొట్టె, సంతాన రొట్టె అని కోరికల పేర్లు పిలుచుకుంటూ మార్చుకునే దృశ్యాలు కార్యక్రమానికి గుండెకాయ. మొక్కు తీరినవారు ఇస్తారు, మొక్కుకునేవారు పుచ్చుకుంటారు. కెమెరా దృష్టితో చూస్తే ఇవే కష్టమైన దృశ్యాలు: నడినెత్తిన ఎండ, కింద అద్దంలాంటి నీళ్లు, మధ్యలో తెల్ల బట్టలు, తలల మీద కప్పుకున్న కొంగుల నీడలో ముఖాలు.

ప్రధాన కెమెరా ఇచ్చిన 109 శాతపు తెలుపు లోపం కాదు, నిల్వ. లాల్చీ మడతలు, రొట్టె మీది కాలిన మచ్చల పక్కనున్న లేత భాగం, చెరువు కట్ట మీద ఎండపొడ అన్నీ 100కూ 109కీ మధ్యనే ఉన్నాయి. ఇక్కడ హద్దు దాటినదాన్ని నరికేసే లిమిటర్ వేస్తే ఆ మడతలన్నీ ఒకే తెల్ల పలకగా మారిపోతాయి. ముందు వెలుగు భాగాన్ని కిందికి లాగి, ఆ తరువాత కర్వ్ పైకొసను మెత్తగా వంచితే 109 దగ్గరి వివరం 97, 98 దగ్గరికి దిగి ప్రాణంతో మిగులుతుంది. ముఖాలు ఆ లాగుడుకు నల్లబడకుండా మధ్యస్థాయిని కొద్దిగా పైకెత్తాను.

నీటి మీది మెరుపుల సంగతి వేరు. సూర్యబింబం అలల మీద పగిలి చుక్కలుగా మెరిసే చోట కెమెరాయే చేతులెత్తేసింది, అక్కడ వివరం అంటూ ఏదీ మిగల్లేదు. ఆ చుక్కల్ని హద్దులోకి తేవడానికి షాట్ మొత్తాన్ని చీకటి చేయడం నాకు సమ్మతం కాదు. 1 శాతం విస్తీర్ణపు నియమం ఉన్నది ఇలాంటివాటి కోసమే. ఈ గదిలోనే లోగడ ప్రకాశం జిల్లా చీమకుర్తి గ్రానైట్ మీద ఒక చిన్న వీడియో చేశాం. ఆ నల్ల గెలాక్సీ రాయిలో రాగి, బంగారు రంగుల రవ్వలు ఎండ తగిలినప్పుడు ఒక్కొక్కటీ సూదిమొనలా 105 దాటేవి, కానీ అన్నీ కలిపినా ఫ్రేములో వాటి వాటా బహు స్వల్పం. రాయి నలుపు తగ్గించకుండా, రవ్వల్ని వాటి మానాన వదిలేసి, చివరి లిమిటర్‌కు అప్పగించాం. చెరువు మెరుపులకూ అదే పద్ధతి. ఒక్క షాట్‌లో మాత్రం ఎండపొడ ఫ్రేములో సగం నీటిని ఆక్రమించింది. అక్కడ 1 శాతం మాట చెల్లదు కాబట్టి దాన్ని విండోతో (ఫ్రేములో ఆ భాగాన్ని మాత్రమే చుట్టే గీతతో) విడిగా పట్టి దించాను.

బుధవారం: వేవ్‌ఫామ్ ఒప్పుకున్నా పెరేడ్ ఒప్పుకోని షాట్లు

దర్గా దారిలోని గాజుల అంగడి షాట్ ఈ రోజు ఎక్కువ సమయం తీసుకుంది. వేవ్‌ఫామ్‌లో అంతా సవ్యంగా ఉంది, ఎక్కడా 65 దాటలేదు. ఎరుపు, ఆకుపచ్చ, నీలాలను విడివిడి గ్రాఫులుగా చూపే పెరేడ్‌లో మాత్రం ఎరుపు పై అంచుకు అతుక్కుపోయి గడ్డకట్టినట్టుంది. మా స్కోపు పై గీత దగ్గర ఆగిపోతుంది కాబట్టి ఎంత దాటిందో చూపదు. గెయిన్‌ను (సంకేతపు మొత్తం ఎత్తును) కాసేపు సగానికి దించి చూస్తేనే అసలు ఎత్తు తెలుస్తుంది.

కొత్తగా ఎడిటింగ్‌లోకి వచ్చేవారికి ఈ సంగతి అంకెలతో చెబితే తప్ప నాటదు. టీవీ సంకేతంలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం నేరుగా ప్రయాణించవు. వెలుతురును మోసే ల్యూమా ఒకటి, నీలం తేడా, ఎరుపు తేడా అనే రెండు రంగు సంకేతాలు ప్రయాణిస్తాయి. టీవీ చేరాక ల్యూమాకు ఎరుపు తేడాను 1.5748తో హెచ్చించి కలిపితే ఎరుపు వస్తుంది, నీలం తేడాను 1.8556తో హెచ్చించి కలిపితే నీలం వస్తుంది. ఆకుపచ్చ కోసం ల్యూమాలోంచి నీలం తేడాకు 0.1873 వంతు, ఎరుపు తేడాకు 0.4681 వంతు తీసివేయాలి. ఇవి బీటీ 709 లెక్కలు. గాజుల మీద ఒక చోట ల్యూమా 0.60, ఎరుపు తేడా 0.40, నీలం తేడా మైనస్ 0.10 అనుకుందాం. మూడూ వాటి వాటి హద్దుల్లోనే ఉన్నాయి. కానీ టీవీలో ఎరుపు 0.60కి 0.63 కలిసి 123 శాతం అవుతుంది, ఆకుపచ్చ 43 దగ్గర, నీలం 41 దగ్గర ఆగుతాయి. ఏ తప్పూ లేని మూడు అంకెలు కలిసి టీవీ చూపలేని రంగును తయారుచేశాయి.

పెద్ద అట్టపెట్టెలో మూల మీద నిలబెట్టి ఇరికించిన చిన్న పెట్టెను ఊహించుకుంటే ఈ లెక్క కళ్లకు కడుతుంది. ల్యూమా, రెండు రంగు తేడాలు కలిసి పెద్ద పెట్టె, నిజంగా చూపగలిగిన ఎరుపు, ఆకుపచ్చ, నీలాల కలయికలన్నీ లోపలి చిన్న పెట్టె. పెద్ద పెట్టెలోని విలువల్లో దాదాపు నాలుగో వంతు మాత్రమే చిన్న పెట్టెలో పడతాయి, మిగిలినవన్నీ కాగితం మీద చెల్లుబాటైనా తెర మీద చెల్లని రంగులే. అందుకే ల్యూమాను ఒక గీతకూ, సాచురేషన్‌ను (రంగు గాఢతను) మరొక గీతకూ విడివిడిగా కట్టేస్తే చాలదు. ఎంత వెలుతురు దగ్గర ఎంత రంగు నిలుస్తుందన్నదే అసలు హద్దు.

గాజుల షాట్‌కు మూడు దారులు కనబడ్డాయి. ల్యూమాను 0.60 దగ్గరే ఉంచాలంటే ఎరుపు తేడాను 0.25కు దించాలి, అప్పుడు గాజులు గులాబీ రంగుకు వెలిసిపోతాయి. ఎరుపు తేడాను 0.40 దగ్గరే ఉంచాలంటే ల్యూమాను 0.37కు దించాలి, అప్పుడు అంగడి మీద మబ్బు పట్టినట్టవుతుంది. ఎరుపు వర్ణాన్ని మాత్రమే ఎంచుకుని ల్యూమాను 0.50కీ, రంగు తేడాను 0.31కీ తెస్తే ఎరుపు 99 శాతం దగ్గర కుదురుకుంటుంది. గాజు ఎర్రగానే ఉంది, దాని మీద చెమ్కీ గీతలు కూడా మళ్లీ కనబడ్డాయి. హద్దులోకి తెచ్చినందువల్ల చిత్రం బాగుపడిన సందర్భం ఇది.

బంతిపూల దండల్లో మరో రకమైన నష్టం ఉంది. కాషాయం లాంటి రంగులో ఎరుపు 123, ఆకుపచ్చ 75, నీలం 20 అయినప్పుడు టీవీ ఎరుపును మాత్రమే 100 దగ్గర నరికేస్తుంది, మిగతా రెంటినీ ముట్టుకోదు. మూడింటి నిష్పత్తి చెదిరి కాషాయం కాస్తా పసుపువైపు జారుతుంది. ఇంట్లో చూసేవారికి లోపమని తెలియకపోవచ్చు, ఎవరో పసుపు బంతి కట్టారనుకుంటారు. కానీ ఒకే దండ నీడలో కాషాయంగానూ ఎండలో పసుపుగానూ కనబడుతుంటే ఆ షాట్ అతుకుల బొంతలా ఉంటుంది. దండలకు వర్ణం మార్చకుండా సాచురేషన్ మాత్రమే దించాను, అదీ ఎండ పడిన భాగంలోనే. లమ్ వర్సెస్ శాట్ కర్వ్ ఇందుకు చక్కగా పనికొస్తుంది: ప్రకాశం పెరిగేకొద్దీ సాచురేషన్‌ను క్రమంగా వాల్చుతుంది, నీడలో రంగును కదిలించదు.

చాదర్ల గురించి కెమెరామన్ భయపడ్డాడు గానీ ఆకుపచ్చ పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. ల్యూమాలో ఆకుపచ్చ వాటా 71.52 శాతం కావడం వల్ల అది ఎక్కువైతే వేవ్‌ఫామే ముందుగా చెబుతుంది.

గురువారం: గంధమహోత్సవం, ఎల్‌ఈడీ దీపాలు

పగటి రంగులు పైహద్దు దాటుతాయి, రాత్రి దీపాలు కిందిహద్దు కూడా దాటుతాయి. ఎల్‌ఈడీ దీపం వెలుగు తరంగాల ఇరుకైన పట్టీలో ఉంటుంది. అందులో ఒక నీలం దీపం బీటీ 709 చూపగల నీలం కంటే గాఢంగా ఉండవచ్చు. కెమెరా తన లెక్కల్లో దాన్ని ఇరికించే ప్రయత్నంలో ఎరుపు, ఆకుపచ్చలను సున్నాకు కిందికి తోసేస్తుంది. గులాబీ దీపాల వెలుగు పడిన గోడ మీద ఒక చోట ల్యూమా 0.15, నీలం తేడా 0.35, ఎరుపు తేడా 0.40 అని లెక్క కడితే ఎరుపు 78, నీలం 80, ఆకుపచ్చ మైనస్ 10 వస్తాయి. పైన ఏదీ 100 దరిదాపుల్లో లేదు, వేవ్‌ఫామ్ చీకటి దృశ్యమని చెబుతోంది, అయినా ఈ రంగు చెల్లదు. మైనస్ వెలుతురును ఏ టీవీ చూపగలదు?

సాచురేషన్‌ను 70 శాతానికి దించితే ఆకుపచ్చ మైనస్ 3 దగ్గరికి వస్తుంది, అది మైనస్ 5 హద్దు లోపలే. సాచురేషన్ అలాగే ఉంచి ల్యూమాను 0.21కి పెంచినా దాదాపు అదే ఫలితం. రెండో పద్ధతిలో రంగు నిలుస్తుంది కానీ రాత్రి చీకటి పలచబడుతుంది. పైకెత్తిన నీడల్లో ఫోన్ క్లిప్పుల్లోని చుక్కచుక్కల గింజలు కూడా బయటపడతాయి. ప్రధాన కెమెరా షాట్లకు రెండూ చెరి కాస్తా వాడాను, ఫోన్ షాట్లకు సాచురేషన్ మాత్రమే తగ్గించాను.

నీలం మరీ మొండిది. పూర్తి నీలానికి ల్యూమా 7.22 శాతమే, కాబట్టి నీలం దీపం ఎంత మండుతున్నా వేవ్‌ఫామ్ అడుగున పాకుతూనే ఉంటుంది. ఆ నీలాన్ని కంటికి ఇంపుగా చూపాలని ప్రకాశం పెంచామంటే, ల్యూమా 0.20 దగ్గర నీలం తేడా 0.50 ఉన్నచోట నీలం 113 శాతం అయిపోతుంది. దర్గా మీది తోరణాల దీపాలు తెర మీద నీలి మరకల్లా, దీపానికీ దాని చుట్టూ వెలుగుకూ తేడా లేకుండా అంటుకుపోయి కనిపించింది ఇందుకే.

"అన్నా, ఆ నీలం అట్నే ఉంచరాదా, చూసేదానికి అదే గదా బాగుండేది" అన్నాడు కెమెరామన్. నిజమే, అతని కంప్యూటర్ తెర మీద బాగానే ఉంది. ఆ తెర ప్రసార ప్రమాణం కంటే విశాలమైన రంగులు చూపగలదు, ఇంటి టీవీకి వెళ్లే సంకేతంలో ఆ రంగులకు చోటు లేదు. అతనికి పెరేడ్ చూపించి, దీపం నడిబొడ్డును తెలుపువైపు పోనిచ్చి, చుట్టూ ఉన్న వలయంలో మాత్రం నీలాన్ని నిలిపి చూపించాను. కంటితో నేరుగా చూసినా బాగా మండే దీపం నడుమ తెల్లగానే తోస్తుంది, రంగు దాని అంచున, పొగమంచులో, పక్కనున్న గోడ మీద తెలుస్తుంది. ప్రకాశవంతమైన నీలంలో సాచురేషన్ దించి, మసక నీలంలో అలాగే ఉంచడమంటే ఇదే. మరక మళ్లీ దీపంగా మారింది. అతను ఒప్పుకున్నాడు కానీ ఫోన్ రీలు కోసం తన నీలం తనకు విడిగా కావాలన్నాడు.

ఈ షాట్లన్నిటి మీద ఒకేసారి లిమిటర్ వేసి చూడమని ఎవరైనా అడగవచ్చు. వేసి చూశాను. గులాబీ గోడ మీద గార చెదిరిన గుర్తులు, తోరణపు బుట్టల అల్లిక పూర్తిగా మాయమయ్యాయి, అంకెలు మాత్రం నూటికి నూరుపాళ్లు సక్రమం. లిమిటర్‌కు హద్దు తెలుసు, దృశ్యంలో దేన్ని కాపాడాలో తెలియదు. అందువల్ల గ్రేడింగ్‌లో ప్రతి షాట్‌నూ హద్దుకు అంగుళం దూరం దాకా చేత్తో తెచ్చి, ఆ మిగిలిన అంగుళాన్నే లిమిటర్‌కు వదులుతున్నాను.

శుక్రవారం: టైటిళ్లు

గ్రాఫిక్స్ చేసే అమ్మాయి టైటిళ్లను కంప్యూటర్ తెలుపు 255లో చేసి ఇచ్చింది. వీడియోలోకి మారినప్పుడు అది 235 అవుతుంది కాబట్టి సూత్రప్రకారం 100 శాతమే. కానీ అక్షరాల అంచులు పదునుగా ఉన్నందువల్ల పరిమాణం మార్చినప్పుడూ, కంప్రెషన్‌లోనూ ఆ అంచులు పైకి ఊగి 104, 105 ముట్టుకుంటాయి. తెలుపును 92 శాతానికి దించమన్నాను. తెర మీద ఆ తేడాను గుర్తుపట్టేవారు ఉండరు.

ఊరి పేర్లకు పెట్టిన ఎర్ర అక్షరాలను మాత్రం మార్చక తప్పలేదు. ఎరుపుకు ల్యూమాలో వాటా 21.26 శాతమే. నల్లని నేపథ్యం మీద ఎర్ర అక్షరం వెలుతురు తేడాతో కాక చాలావరకు రంగు తేడాతోనే కంటికి ఆనుతుంది. ఆ రంగు సంకేతమేమో అడ్డంగా సగం వివరంతోనే ప్రయాణిస్తుంది, ఇళ్లకు చేరే 4:2:0 ప్రసారంలో నిలువుగానూ సగమే. లాటిన్ అక్షరాలైతే ఎలాగో నెగ్గుకొస్తాయి గానీ, మన ఒత్తులు, గుడి చివరి వంపులు పాకిపోయి అలికినట్టవుతాయి. "స్వర్ణాల" అన్న మాటలో వఒత్తు, ణఒత్తు రెండూ మసకబారాయి. లేత పసుపు అక్షరాలకు సన్నని ముదురు అంచు ఇచ్చాం. ఇంటర్‌లేస్డ్ ప్రసారంలో ఒక్క గీత మందం ఉన్న అడ్డగీతలు మినుకుమంటాయి కాబట్టి సన్నని ఫాంటును పక్కనపెట్టి తలకట్టు కాస్త బొద్దుగా ఉన్నదాన్ని ఎంచుకున్నాం.

ఈ తెల్ల టైటిళ్ల విషయంలో చాదస్తం ఎక్కడి నుంచి వచ్చిందో ఆ అమ్మాయి అడిగింది. మనదేశంలో రంగుల ప్రసారాలు 1982లో మొదలైనప్పుడు వాడినది పాల్ పద్ధతి అనలాగ్ సంకేతం. అందులో చిత్రం ఎంత తెల్లనైతే ప్రసార తరంగం అంత బలహీనపడేది. తెలుపు హద్దు దాటితే ఆ తరంగం దాదాపు ఆరిపోయే స్థితికి వచ్చేది. రిసీవర్లు శబ్దాన్ని పట్టుకోవడానికి ఆ చిత్రతరంగాన్నే ఆసరాగా వాడుకునేవి కాబట్టి, తెర మీద తెల్లని పేర్లు పడగానే స్పీకరులో జుయ్‌మని రొద వచ్చేది. చిత్రం తప్పు చేస్తే శబ్దం అల్లరిపాలయ్యేదన్న మాట. ఆ ట్రాన్స్‌మీటర్ల కాలం పోయింది, రొద పోయింది. నేటి డిజిటల్ సంకేతంలో హద్దు దాటిన రంగు ఎక్కడో ఒకచోట నరకబడుతుంది, ఎక్కడ నరుకుతారో, ఎలా నరుకుతారో మన చేతిలో ఉండదు. చానెల్ సర్వర్‌లో, ఎన్‌కోడర్‌లో, సెట్‌టాప్ బాక్స్‌లో, టీవీలో ఒక్కొక్కటీ ఒక్కో తీరు. ఆ నరుకుడును మనమే, మన కంటితో చూస్తూ చేసుకోవడం మేలు కాబట్టే ఈ నియమాలు నేటికీ పనికొస్తున్నాయి.

శనివారం: లిమిటర్, రెండర్, తనిఖీ

లిమిటర్‌ను ప్రతి క్లిప్పు మీద కాక టైమ్‌లైన్ మొత్తం మీద, అన్నిటికంటే చివర ఉంచాను. డ్రోన్ షాట్లకు వేసిన పదును, ఫోన్ క్లిప్పులను పెద్దవి చేసిన స్కేలింగ్, షాటుకూ షాటుకూ నడుమ కరిగే డిజాల్వ్‌లు, టైటిళ్ల కలయిక అన్నీ దాని ముందే అయిపోవాలి. పదునుపెట్టడాన్ని లిమిటర్ తరువాత ఉంచితే ప్రతి అంచుకూ కొత్త ఊపు పుట్టి, చేసిన పనంతా పల్లానికి పోయిన నీరవుతుంది.

రిజాల్వ్ ప్రాజెక్టు సెట్టింగుల్లో ప్రసార హద్దులకు 0 నుంచి 100, మైనస్ 10 నుంచి 110, మైనస్ 20 నుంచి 120 అనే మూడు మెట్లు ఉంటాయి. చానెల్ 105 దాకా అనుమతించింది కదా అని మధ్య మెట్టు ఎంచుకుంటే 110 దాకా పోతుంది, కాబట్టి మొదటిదే తీసుకున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. తుది ఫైలు 50 మెగాబిట్ల ఎక్స్‌డీకామ్ హెచ్‌డీ 422, అంటే 8 బిట్ల ఎంపెగ్-2. కంప్రెషన్ తనవంతుగా అంచుల దగ్గర కాస్త ఊపు కలుపుతుంది. టైమ్‌లైన్‌లో 100 దగ్గర ఆపిన రంగు రెండరైన (తుది రూపంలో తయారైన) ఫైలులో 101, 102 అవుతుంది. 105 అనే వెసులుబాటు ఈ ఊపు కోసం ఉన్నది, దాన్ని గ్రేడింగ్‌లోనే ఖర్చు చేసేస్తే తరువాత చేతిలో ఏమీ మిగలదు.

రెండరైన ఫైలును తనిఖీ చేయడానికి ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే వీడియో సాఫ్ట్‌వేర్‌లోని సిగ్నల్‌స్టాట్స్ ఫిల్టర్ వాడతాను. అది ప్రతి ఫ్రేముకూ ల్యూమా కనిష్ఠం, గరిష్ఠం చెబుతుంది. ప్రసార కొలమానం బయట ఎన్నోవంతు పిక్సెళ్లు ఉన్నాయో 0 నుంచి 1 మధ్య అంకెగా ఇస్తుంది, అడిగితే ఆ పిక్సెళ్లకు రంగు పూసి మరీ చూపిస్తుంది. ఇదే పనిని తెర మీద గ్రాఫులుగా చూపే క్యూసీటూల్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ కూడా ఉంది. రెండూ ఖర్చులేనివి, చిన్న ఊళ్లలో పనిచేసే మాలాంటివారికి ఖరీదైన కొలత పరికరాల లోటు చాలావరకు తీరుస్తున్నాయి.

అయితే ఆ ఫిల్టర్ చూసేది ల్యూమా 16 నుంచి 235 లోపు ఉందా, రంగు తేడాలు 16 నుంచి 240 లోపు ఉన్నాయా అన్నది మాత్రమే. బుధవారం నాటి గాజుల లెక్కలో మూడు అంకెలూ హద్దుల్లోనే ఉండగా ఎరుపు 123 అయింది కదా, అలాంటి రంగును అది పట్టుకోలేదు. సరిచూసుకోవడానికి గ్రేడింగ్‌కు ముందటి గాజుల క్లిప్పును దాని గుండా పంపితే ఏ అభ్యంతరమూ చెప్పకుండా దాటించింది. కాబట్టి ఈ తనిఖీ తరువాత రెండరైన ఫైలునే మళ్లీ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చి, పెరేడ్ ముందు పెట్టి, గెయిన్ దించిన పద్ధతిలో మొదటి నుంచి చివరి దాకా చూడటం తప్పనిసరి. 8 బిట్ల లెక్కలో చెప్పాలంటే మైనస్ 5 శాతం విలువ 5, 105 శాతం విలువ 246. ఎరుపు, ఆకుపచ్చ, నీలాలు ఈ రెండు అంకెల మధ్య ఉంటే చాలు.

ఆ చూపులో రెండు చోట్ల పని తేలింది. ఒకటి, గంధమహోత్సవం నుంచి తెల్లవారుజాము చెరువుకు కరిగే డిజాల్వ్. విడివిడిగా రెండు షాట్లూ హద్దులోనే ఉన్నాయి, మామూలు డిజాల్వ్‌లో రెంటి సగటు కూడా హద్దు దాటదు. ఇక్కడ వాడినది వెలుగులను కూడికగా కలిపే రకం కావడంతో దీపాల నీలం మీద ఆకాశపు నీలం పేరుకుని లిమిటర్‌కు గట్టిగా తగులుతోంది, దీపాలన్నీ క్షణకాలం చదునైపోతున్నాయి. మామూలు డిజాల్వ్‌గా మార్చాను. రెండోది డ్రోన్ షాట్‌లో గుడారాల నీలం పాలిథిన్ పట్టాలు. చిన్నవే అయినా గుంపుగా ఉండటంతో 1 శాతం నియమానికి అందవు. నీలం వర్ణంలో సాచురేషన్ కొద్దిగా దించితే సరిపోయింది.

మళ్లీ సోమవారం: అప్పగింత

మార్చిన భాగాలను రెండర్ చేసి, పెరేడ్ ముందు మళ్లీ నడిపించి, ఫైలును చానెల్ వారికి పంపాను. గాజుల అంగడి, తోరణాల దీపాలు, గులాబీ గోడ షాట్లకు వాడిన సెట్టింగులను స్టిల్స్‌గా (మళ్లీ వాడుకునేలా ఫ్రేముతో పాటు) దాచాను. వచ్చే ఏడాది మొహర్రం నెలలో ఇదే దర్గా దగ్గర తీయబోయే ఫుటేజీకి అవే మొదటి మెట్టుగా పనికొస్తాయి. షూటింగ్‌కు ముందు కెమెరామన్‌కు చెప్పవలసినవి రెండే. తెల్ల లాల్చీల మీద జీబ్రా గీతలు (వెలుగు హద్దు చేరిన చోట కెమెరా తెర మీద కనబడే చారలు) 100 దగ్గర పెట్టుకుని అవి బట్ట మీద పరుచుకోకుండా ఎపర్చర్ బిగించడం ఒకటి. దీపాల రాత్రి కెమెరాలోని వివిడ్ లాంటి రంగు ప్రొఫైళ్లను కట్టేయడం రెండోది, ఎందుకంటే అవి రికార్డింగ్‌లోనే రంగును పెంచేసి మనకు వెనక్కి తగ్గే దారి మూసేస్తాయి.

ఇక ముప్పై సెకన్ల ప్రోమో మిగిలింది. దానికి సంగీతం మీద కోతలు ఎక్కువ, మధ్యమధ్య పూర్తి తెల్ల మెరుపు ఫ్రేములు కావాలంటున్నారు. ఆ మెరుపు ఫ్రేములను 255 తెలుపుతో కాక 92 శాతం తెలుపుతో చేసి ఇవ్వమని గ్రాఫిక్స్‌కు రాశాను. యూట్యూబ్ ప్రతికి వేరే గ్రేడింగ్ చేయడం లేదు, అదీ బీటీ 709 వీడియో కొలమానమే కాబట్టి ఈ మాస్టర్‌నే ప్రోగ్రెసివ్‌గా రెండర్ చేసి, కొలమానపు గుర్తు ఫైలులో సరిగ్గా పడిందో లేదో చూసి ఎక్కిస్తాను. కెమెరామన్ అడిగిన నీలం రీలు మాత్రం అతని ఫోన్‌లోనే చేసుకుంటాడు.